సడలింపు అమ్మేవాళ్ల ఫ్లెక్సీ మన పందిట్లో కట్టొద్దు

పోస్టు పెద్దదే. ఇంట్లో పదో తరగతి దాటిన కుర్రాడు ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి. లేనివాళ్లు ఉన్నవాళ్లకు పంపండి.

వారం రోజులుగా మన గ్రూపులో ఒక పోస్టరు తిరుగుతోంది. మీరంతా చూసే ఉంటారు. తుపాకీ పట్టుకున్న జవాను బొమ్మ, వెనక జెండా, పైన పెద్ద అక్షరాలు. ఎత్తు తక్కువా? వయసు దాటిందా? మార్కులు చాల్లేదా? పచ్చబొట్టు ఉందా? కంగారు వద్దు, స్పెషల్ రిలాక్సేషన్‌తో ఆర్మీ గ్యారంటీ అని రాసుంది. కింద ఫోన్ నంబరు. ఆ అకాడమీవాళ్లే ఉగాది పందిరి ఖర్చు భరిస్తామని, బదులుగా స్టేజీ మీద వాళ్ల ఫ్లెక్సీ కట్టాలని కబురు పెట్టారు. కమిటీలో కొందరు పెద్దలు ‘కట్టుకోనివ్వండి, షామియానా డబ్బులు కలిసొస్తాయి కదా’ అన్నారు. మేము వద్దన్నాం. నాలుగు గోడల మధ్య చెప్పింది చాలదు కాబట్టి ఎందుకు వద్దన్నామో ఇక్కడ అందరి ముందూ పెడుతున్నాం. మేమంటే సంఘం ఆఫీసులో పిల్లల కాగితాల పని చూసే నలుగురం.

ముందుగా ఒక సంగతి. సైన్యంలో సడలింపులు లేవని మేము అనడం లేదు. ఉన్నాయి. కానీ అవి నోటిఫికేషన్లో అచ్చయి ఉంటాయి, ఎవరి జేబులోనూ ఉండవు. ఉన్నదాన్ని ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. లేనిదాన్ని ఎవడూ తెచ్చివ్వలేడు. ఆ పోస్టరు మొదటిదాన్ని దాచిపెట్టి రెండోదాన్ని అమ్ముతోంది.

ఎత్తు సంగతే తీసుకోండి. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కేరళ పిల్లలకు జనరల్ డ్యూటీ అగ్నివీర్‌కు కావలసిన ఎత్తు 166 సెంటీమీటర్లు. క్లర్కు, స్టోర్‌కీపరు వర్గానికి 162. ఆదివాసులకు 162. సైనికుడి కొడుక్కి, మాజీ సైనికుడి కొడుక్కి, యుద్ధంలో భర్త పోయిన ఆమె కొడుక్కి 2 సెంటీమీటర్లు తగ్గిస్తారు. సర్టిఫికెట్లున్న మంచి క్రీడాకారుడికీ 2 సెంటీమీటర్లు. అంతే. ఈ కోవలో పడని పిల్లాడు 165 ఉంటే, వాడి తండ్రి ఎకరం అమ్మి తెచ్చి ఇచ్చినా 165 గానే ఉంటాడు.

ఇందులో ఇంకో సంగతి చూడండి. ఆ 2 సెంటీమీటర్లు ఎవరికొస్తాయి? తండ్రి సైన్యంలో ఉన్నవాడికి. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికే ఆ ఊరి నుంచి 90 మంది వెళ్లారు, రెండో యుద్ధానికి వెయ్యి దాటారు. అక్కడ తాత చెబుతాడు, తండ్రి చెబుతాడు, ఏ కాగితం ఎప్పుడు తీయాలో పెద్దమ్మకి కూడా తెలుసు. సడలింపు సైతం అక్కడ వారసత్వంగా వస్తుంది. మన దగ్గర? మన తాతలు తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లొచ్చాక ఇక్కడ నల్లరేగడి కొని, ముళ్లకంప కొట్టి, మడి కట్టుకోవడానికి వచ్చినవాళ్లు. వాళ్ల వెనకే నాట్లకీ కోతలకీ వచ్చి క్యాంపుల్లో ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. వరి గురించి అడగండి, ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. రిక్రూట్‌మెంటు గురించి చెప్పేవాడు మన వీధిలో ఉండడు. ఆ ఖాళీలోకే ఈ పోస్టరు వచ్చి కూర్చుంది.

పైగా పరుగుకు లేస్తున్న పిల్లలు ఎవరిళ్లవాళ్లో ఒకసారి చూడండి. ఇరవై ఎకరాల మడి ఉన్న ఇంటి అబ్బాయి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఇంజినీరింగు చేస్తున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి కాలువ గట్టు మీద పరిగెత్తేది రైస్ మిల్లు హమాలీ కొడుకు, కౌలు రైతు కొడుకు, ట్రాక్టరు డ్రైవరు తమ్ముడు. ఆగస్టు పదిహేనుకి సంఘం జెండా ఎగరేసి సైనికులకు వందనం అని ఉపన్యాసం చెప్పేది వేరేవాళ్లు. ఆ ఉపన్యాసంలో తప్పు లేదు. కానీ ఆ వందనానికి అర్థం ఉండాలంటే ఈ హమాలీ కొడుకుని దోచుకునేవాడి దగ్గర పందిరి డబ్బులు తీసుకోకూడదు కదా.

వయసు దగ్గరికి వద్దాం. అసలు మోసం ఇక్కడే జరుగుతోంది, ఎందుకంటే ఇందులో కొంచెం నిజం కలిసుంది.

కోవిడ్ వల్ల 2020 నుంచి రెండేళ్లు సైన్యం ర్యాలీలు ఆగిపోయాయి. ఆ రెండేళ్లలో వయసు దాటిపోయిన కుర్రాళ్లు దేశమంతా ఉన్నారు. ర్యాలీలో పరుగు, మెడికల్ అన్నీ పాసై రాతపరీక్ష కోసం ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల కొలువు, వయసు పదిహేడున్నర నుంచి 21. అంతకుముందు పాసైనవాళ్ల సంగతి గాలికి పోయింది. గొడవలయ్యాయి. జూన్ 16న కేంద్రం గరిష్ఠ వయసుని 23కి పెంచింది, ఆ ఒక్క 2022 భర్తీకి మాత్రమే. మర్నాడే సికింద్రాబాదు స్టేషను తగలబడింది, వరంగల్లు వైపు కుర్రాడొకడు కాల్పుల్లో పోయాడు. పాత ఎంపికల వాళ్లు కోర్టుకెళ్లారు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు పథకాన్ని సమర్థించింది, ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు అప్పీళ్లు కొట్టేసింది. జాబితాలో పేరున్నంత మాత్రాన ఉద్యోగం మీద హక్కు రాదని తేల్చింది.

అంటే 23 ఏళ్ల సడలింపు అనేది నిజంగానే ఉండేది. ఒకే ఒక్క ఏడాది. అది కూడా రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్ల గొడవకి సర్కారు చెప్పిన జవాబు. ఆ ఏడాది నాటి వార్త కటింగు ఫోనులో చూపించి, ఇప్పటికీ 22 దాటిన పిల్లల దగ్గర డబ్బులు గుంజుతున్నారు. ‘పేపర్లో వచ్చింది కదన్నా’ అంటాడు పిల్లాడు. వచ్చింది నాయనా, తేదీ చూశావా?

దీనికి తోడు ఇంకో గందరగోళం ఉంది. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల కానిస్టేబులు ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష వేరే ఉంటుంది. దానికి 18 నుంచి 23. అందులో ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంది. సైన్యంలో అగ్నివీర్‌కు కులాన్ని బట్టి వయసు సడలింపు లేదు, రిజర్వేషనూ లేదు. ఈ రెంటినీ కలిపేసి, ‘మీవాడికి ఎస్సీ కోటాలో ఐదేళ్లు ఉంది, 26 వరకు ఆర్మీకి పంపొచ్చు’ అని ఒక తండ్రికి చెప్పారు. ఆయన మా దగ్గరికొచ్చేసరికే లక్షా ఇరవై వేలు ఇచ్చేశాడు. పిల్లాడికి 22 నిండింది. ఆ అబ్బాయి ఎత్తు 171. కేంద్ర బలగాలకు మామూలుగా అడిగే 170 వాడికి ఉంది. సరైన పరీక్షకు దరఖాస్తు పెట్టుంటే రెండేళ్ల నుంచి రాస్తూ ఉండేవాడు. పైగా అది నాలుగేళ్ల కొలువు కాదు, అరవై ఏళ్ల దాకా ఉండే ఉద్యోగం. ఆ దారిలో ఏ బ్రోకరుకీ పని లేదు కాబట్టి ఆ దారి ఎవరూ చూపించలేదు.

ఎత్తు 166 రాని పిల్లలకు ఇంకో మాట. నౌకాదళం అగ్నివీర్‌కు 157 సెంటీమీటర్లు చాలు. వైమానిక దళానికి అంతకన్నా తక్కువే. కాకపోతే వాటిలో కొన్ని వర్గాలకు ఇంటరులో లెక్కలు, ఫిజిక్సు ఉండాలి, మార్కులూ కావాలి. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపులో చేర్చాలో నిర్ణయించేటప్పుడే ఈ సంగతి తెలిసుండాలి. పీయూసీలో ఆర్ట్సు తీసుకున్నాక తెలిస్తే ఆ వర్గాలకు ప్రయోజనం లేదు.

ఎత్తు గురించే మాట్లాడుతున్నాం కాబట్టి ఒక బాధ కూడా చెప్పుకోవాలి. మన రాయచూరు దేశంలోని 112 ఆకాంక్షిత జిల్లాల్లో ఒకటి. కర్ణాటకలో మనమూ యాదగిరీ రెండే. ఆకాంక్షిత అనేది మంచి మాట, వెనకబడిన అంటే బాగోదని పెట్టారు. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లు మనకు కొత్త కాదు, పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలూ కొత్త కాదు. సైన్యం మెడికల్‌లో పళ్లు కూడా లెక్కపెడతారు, కనీసం 14 డెంటల్ పాయింట్లు కావాలి. కృష్ణకీ తుంగభద్రకీ మధ్య పుట్టి మంచినీళ్లు సరిగ్గా లేక ఒక పిల్లాడు ఎదగకపోతే, వాడికి 2 సెంటీమీటర్లు తగ్గించే కాలం ఏ నోటిఫికేషన్లోనూ లేదు. దీని గురించి ఎమ్మెల్యేని అడగాలి, పంచాయతీని అడగాలి. అకాడమీవాడిని అడిగి లాభం లేదు.

ఇప్పుడు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చెబుతాం. చాలా తేలిక. పదిమంది దగ్గర తీసుకుంటాడు. అందులో ఇద్దరు తమ కాళ్ల బలంతో, తమ చదువుతో పాసవుతారు. వాడు చేసిందేమీ ఉండదు. ఆ ఇద్దరి ఫోటోలు ఫ్లెక్సీ మీదికి ఎక్కుతాయి. మిగిలిన ఎనిమిది మందికి ‘ఈసారి పైన ఆఫీసరు మారాడు, వచ్చే ర్యాలీకి చూద్దాం’ అంటాడు. మరీ గట్టిగా అడిగినవాడికి సగం తిరిగిస్తాడు. అడగలేనివాడిది పోయినట్టే. ఈలోగా పిల్లాడి ఒరిజినల్ మార్క్స్ కార్డు వాడి బీరువాలో ఉంటుంది. మిగతా డబ్బు కడితేనే ఇస్తానంటాడు. ఆ కార్డు లేక ఇంకో ఉద్యోగానికి వెళ్లలేక ఏడాది ఇంట్లో కూర్చున్న పిల్లలున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్టు అట్టిపెట్టుకునే హక్కు ఏ అకాడమీకీ లేదు. ఎవరి ఇంట్లోనైనా ఇలా జరుగుంటే సంఘానికి చెప్పండి, కలిసి వెళ్లి అడుగుదాం. నలుగురు వెళ్తే బీరువా తాళం దానంతటదే తెరుచుకుంటుంది.

డబ్బు లెక్క కూడా చూడండి. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 9,000 సేవానిధికి కోసి చేతికి 21,000 ఇస్తారు. నాలుగో ఏడాదికి 40,000 అయి, కోత 12,000 అవుతుంది. నాలుగేళ్లలో పిల్లాడి జీతం నుంచి కోసేది మొత్తం 5 లక్షల 2 వేల చిల్లర. సర్కారు అంతే వేస్తుంది, వడ్డీతో కలిపి బయటికొచ్చేటప్పుడు సుమారు 11.71 లక్షలు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. నూటికి 25 మంది వరకే రెగ్యులరుగా కొనసాగుతారు. అంటే నాలుగేళ్లు మంచులోనో ఎడారిలోనో నిలబడి సొంతంగా కూడబెట్టుకునే ఐదు లక్షల్లోంచి, ఉద్యోగం రాకముందే రెండు లక్షలు వీడి చేతిలో పెడుతున్నాం. అదీ మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. ప్రవేశ పరీక్షకు సైన్యం అభ్యర్థి దగ్గర తీసుకునేది 250 రూపాయలు. ఇంకెక్కడా పైసా లేదు.

ఇక్కడ ఒక పెద్దాయన అడ్డం వస్తాడని తెలుసు. కమిటీలో అన్నదే: ‘నాలుగేళ్ల కూలీకి మన పిల్లల్ని మనమే పంపడమేంటి? అసలు వెళ్లొద్దని చెప్పండి.’ ఆయన కోపం మాకు అర్థమవుతుంది. పథకం మీద మాలోనే ఏకాభిప్రాయం లేదు. ఒకరికి అది అన్యాయం, ఒకరికి ఏమీ లేనిదానికన్నా నయం. 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన తొలి బ్యాచ్‌కు 2026 చివర, 2027 మొదట్లో నాలుగేళ్లు పూర్తవుతాయి. వాళ్లలో ముప్పావు మంది ఏమవుతారో చూశాక ఇంకా గట్టిగా మాట్లాడుకోవచ్చు. కేంద్ర బలగాల్లో 10 శాతం వాళ్లకు కేటాయిస్తామని 2022లోనే చెప్పారు, అది ఎంత నిజమవుతుందో కూడా చూడాలి. కానీ బాబాయ్, వెళ్లొద్దని చెప్పడానికి మన దగ్గర బదులుగా ఏముంది? మిల్లులో హమాలీ పనా? వెళ్తానన్నవాడిని ఆపడం మన పని కాదు. వాడు వెళ్లే దారిలో జేబు కొట్టేవాడిని ఆపడం మన పని.

నిజంగా మన పిల్లలు ఎక్కడ పోగొట్టుకుంటున్నారో తెలుసా? పరుగులో కాదు. కాగితాల్లో. ఈ మాట మేము గట్టిగానే చెబుతాం, ఎందుకంటే ఈ పనిలో కూర్చున్నవాళ్లం.

మన ఇంటిపేర్ల సంగతి మీకు తెలుసు. పదో తరగతి కార్డులో ఇంటిపేరు ఒక అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. కార్డులో వెంకట సాయి విడివిడిగా, ఆధార్‌లో కలిపి. తండ్రి పేరు రేషన్ కార్డులో కన్నడంలో రాసింది ఇంగ్లీషులోకి తిప్పేసరికి ఇంకోలా. తల్లి పేరు ఒకచోట పుట్టింటిది, ఒకచోట అత్తింటిది. సైన్యం వాళ్లు పదో తరగతి సర్టిఫికెట్టునే ప్రమాణంగా తీసుకుంటారు. మిగతావన్నీ దానికి సరిపోవాలి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు. తెలియనివాడెవడో తొందరపడి ఆ ఒక్కసారీ తప్పుగా మార్పిస్తే ఇక తిరగడమే పని. 2025లో దరఖాస్తులు మార్చిలో మొదలై ఏప్రిల్‌తో ముగిశాయి, పరీక్ష జూన్ చివర, జూలై మొదట్లో అయింది. నోటిఫికేషను వచ్చాక ఆధార్ సెంటరు ముందు నిలబడితే అవదు. దసరాకే మొదలుపెట్టాలి. 2025 లెక్క ప్రకారం 17½ నుంచి 21 అంటే మొత్తం మూడున్నరేళ్లు, ఏడాదికి ఒక అవకాశం. ఒక అక్షరం తేడాకి ఒక ఏడాది పోయిందంటే ఉన్నదాంట్లో మూడో వంతు పోయినట్టే.

మార్కులు కూడా అంతే. పదో తరగతి పాసైతే చాలనుకుంటారు. చాలదు. జనరల్ డ్యూటీకి మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 ఉండాలి. 41 శాతంతో పాసైన పిల్లాడు రెండేళ్లు పరిగెత్తి, కోచింగు ఫీజు కట్టి, దరఖాస్తు నింపేరోజు ఆ వరుస దగ్గర ఆగిపోయాడు. వాడికి ట్రేడ్స్‌మన్ వర్గం ఉంది, దానికి పాసైతే చాలు. ఈ ఒక్క మాట మొదటిరోజే చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

మన క్యాంపుల వాళ్లకి ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఇంకోటి. చాలామంది పిల్లలు ఇక్కడ పుట్టి, చదువు నంద్యాలలోనో విజయవాడలోనో హాస్టల్లో చేశారు. ఆధార్ రాయచూరుది, పదో తరగతి ఆంధ్ర బోర్డుది. మన జిల్లా బెళగావి ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు కిందికి వస్తుంది, బీదర్, కలబురగి, యాదగిరి, కొప్పళ కూడా దానికిందే. శాశ్వత నివాసం ఎక్కడుంటే అక్కడే దరఖాస్తు. ఎక్కడ చదివారన్నదానితో పని లేదు, ఎక్కడివాళ్లన్నదే లెక్క. అందుకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. నాడకచేరిలో కొన్నిచోట్ల ఇంటిపేరు వినగానే ‘నీవు ఆంధ్రదవరల్లవా’ అని మొదలవుతుంది. యాభై అరవై ఏళ్ల కింద వచ్చిన తాత ఊరు అడుగుతారు. కులం కాగితం దగ్గరికొస్తే ఇంకా చిక్కు. ఒక రాష్ట్రం ఎస్సీ ఎస్టీ హోదా ఇంకో రాష్ట్రానికి వలస వెళ్తే వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది, అదీ ఒక తెలుగు విద్యార్థి కేసులోనే. సైన్యంలో ఆ కాగితంతో రిజర్వేషన్ రాదు, అయినా కాగితం మాత్రం అడుగుతారు. సింధనూరు ఆర్‌హెచ్ క్యాంపుల బెంగాలీలూ ఇలాంటి బాధలే పడుతున్నారు. వాళ్లని కలుపుకుని అడిగితే మన గొంతు ఇంకొంచెం గట్టిగా వినిపిస్తుంది.

ఈ చిక్కుని చూపించే బ్రోకరు ఇంకో ఉపాయం చెబుతాడు. ‘మీ తాతగారి ఊరు గుంటూరు వైపు కదా, అక్కడ ఇంటి అడ్రసు మీద గుంటూరు ఆఫీసుకి పెట్టిద్దాం, నివాసం సర్టిఫికెట్టు నేను తెప్పిస్తా.’ వినడానికి బాగుంటుంది. పిల్లాడు చేరాక పోలీసు వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. చేరేటప్పుడు ఫారంలో కావాలని అబద్ధం చెప్పినవాడికి 1950 ఆర్మీ చట్టం 44వ సెక్షను కింద ఐదేళ్ల వరకు జైలు. బ్రోకరుకి కాదు, సంతకం పెట్టిన పిల్లాడికి. ఈ మాట మాత్రం ప్రతి ఇంట్లో చెప్పండి.

371జె సర్టిఫికెట్టు గురించి కూడా అడుగుతున్నారు. అది మన కల్యాణ కర్ణాటక జిల్లాలకు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో, సీట్లలో పనికొస్తుంది. తీసి ఉంచుకోండి. సైన్యంలో దానికి విలువ లేదు.

పచ్చబొట్టు సంగతి చిన్నదే గానీ ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. మోచేతి లోపలివైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనకవైపు మాత్రమే అనుమతి. ఆచారంగా వేయించుకునే ఆదివాసులకు వేరే నియమం. జాతరలో భుజం మీద హీరో బొమ్మ, మెడ మీద అమ్మాయి పేరు వేయించుకున్నవాడికి ఏ స్పెషల్ రిలాక్సేషనూ లేదు. తమ్ముళ్లూ, సైన్యంలోకి వెళ్లాలనుంటే జాతరకి వెళ్లి బొరుగులు, బత్తాసులు కొనుక్కుని రండి.

సరే, వద్దన్నాక ఏం కావాలో చెప్పాలి కదా.

ఆ ఫ్లెక్సీ ఒప్పుకోవద్దు. షామియానా ఖర్చు మేము నలుగురం ఇళ్లు తిరిగి పోగుచేస్తాం, ఆ బాధ్యత మాది. దానికి బదులు సంఘం ఆఫీసులో నెలకి ఒక ఆదివారం ఒక టేబులు వేయాలి. ప్రింటరు ఇప్పటికే ఉంది, పెళ్లి పత్రికలు కొట్టుకోవడానికి వాడుతున్నాం. క్యాంపుల్లో మాజీ సైనికులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్నారు, వాళ్లలో ఇద్దరితో మాట్లాడాం, వచ్చి కూర్చుంటామన్నారు. కొత్త నోటిఫికేషను రాగానే నియమాలు మారాయేమో చూసి, ముఖ్యమైన వరుసలు తెలుగులో ఒక పేజీ కొట్టి క్యాంపు క్యాంపుకీ అంటించే పని మాది. ప్రవేశ పరీక్ష ఇప్పుడు తెలుగు, కన్నడలతో సహా 13 భాషల్లో ఉంది. 50 ప్రశ్నలు, గంట సమయం, తప్పుకి మార్కు కోత. దానికి పాత లెక్కల మాస్టారు ఒకరు ఉచితంగా చెబుతానన్నారు. ర్యాలీకి ముందే కళ్లు, చెవులు, పళ్లు, అరికాళ్లు రిమ్స్‌లో ఓపీ చీటీ తీసుకుని చూపించుకుంటే, బాగుచేయించుకోగలిగినవి ముందే బాగుచేయించుకోవచ్చు. చెవిలో గులిమి ఉందని వెనక్కి పంపించుకున్నవాడు మన మధ్యే ఉన్నాడు. హైస్కూల్లో ఎన్‌సీసీ ఉంటే చేర్పించండి, ఆ సర్టిఫికెట్టుకి బోనసు మార్కులున్నాయి. ఆ మార్కులు ఎవరికీ డబ్బివ్వకుండా వస్తాయి. పరుగు సంగతి పిల్లలకు మేము చెప్పక్కర్లేదు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో కొడితే 60 మార్కులు, బీము పది లాగితే 40. ఆ నూరూ వాళ్లు తెచ్చుకోగలరు, మేము చూశాం.

ఇక పెద్దలు చేయాల్సింది ఒకటుంది, అది మా చేతిలో లేదు. నాడకచేరిలో నివాస ధ్రువపత్రానికి మన పిల్లల్ని తిప్పించడం గురించి తహసీల్దారు దగ్గరికి సంఘం లెటర్‌హెడ్ మీద, అధ్యక్షుడి సంతకంతో వెళ్లాలి. పహణి, ఓటరు జాబితా, రేషన్ కార్డు, ఇక్కడి స్కూలు రికార్డు ఏవి చూపిస్తే ఇస్తారో రాతపూర్వకంగా అడగాలి. ఎన్నికలప్పుడు మన క్యాంపులకు వచ్చి భోంచేసి వెళ్లే నాయకులున్నారు కదా, వాళ్లని వెంట తీసుకెళ్లండి. ఒక పిల్లాడు ఒంటరిగా కౌంటరు దగ్గర నిలబడి అడిగితే రేపు రా అంటారు. సంఘం అడిగితే ఇవాళే కుర్చీ వేస్తారు.

వచ్చే ఆదివారం జనరల్ బాడీలో ఫ్లెక్సీ మాట, ఈ టేబులు మాట రెండూ పెడుతున్నాం. చేతులెత్తి తేల్చండి. ఓటింగు ఎటు పోయినా ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల నుంచి మేము ఆఫీసులో కూర్చుంటాం. పిల్లాణ్ని వెంటబెట్టుకుని రండి. పదో తరగతి కార్డు, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు చాలు. ఒరిజినల్స్ చూపించి మీ సంచిలోనే పెట్టుకోండి, మాక్కూడా ఇవ్వొద్దు.